బర్మా క్యాంప్ వెనుక మూడు యుద్ధాలు

విశాఖలో కంచరపాలెం దగ్గర 'బర్మా క్యాంప్' అనే పేట ఉంది. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చాక ఓడలెక్కి తిరిగివచ్చిన మనవాళ్ల పేట అది. వాళ్లు రావడం పెద్దలకు గుర్తే. అసలు వెళ్లిందెందుకు?

ఇంగ్లీషువారు బర్మాపై మూడుసార్లు దండెత్తారు. 1824లో మద్రాసు సిపాయిలను ఓడల్లో తరలించి రంగూన్ పట్టుకున్నారు. ఆ సిపాయిల్లో హిందువులూ, ముస్లిములూ ఉన్నారు. 1826లో యందబూ సంధి కుదిరేలోగా కంపెనీ సైన్యంలోని సుమారు 40 వేల మందిలో 15 వేల మంది మరణించారు. తుపాకీ గుండ్లకన్నా జ్వరాలు, విరేచనాలే ఎక్కువమందిని బలిగొన్నాయి.

1852లో దిగువ బర్మా వారి వశమైంది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. కోతలకు, మిల్లులకు, రేవులో మూటలు మోయడానికి కూలీలు కావాలి. విశాఖ, భీమిలి, కాకినాడల నుంచి స్టీమర్లు కదిలాయి. అక్కడ మనవాళ్లను కోరంగి రేవు పేరుతో 'కోరంగీలు' అన్నారు. ఆ పిలుపులో మర్యాద లేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టగా, యజమానులు బర్మా కూలీలను దింపారు. సమ్మె ముగియగానే వారిని పొమ్మన్నారు. పేదలూ పేదలూ కొట్టుకుని చచ్చారు, దొరల ఓడలు మాత్రం ఆగలేదు.

1885లో మాండలే కూడా పడిపోయింది. థీబా రాజును మద్రాసుకు, అక్కడి నుంచి రత్నగిరికి తెచ్చి ఉంచారు. 1916లో అక్కడే కన్నుమూశాడు. అంతకుముందే, 1858లో, ఢిల్లీ పాదుషా బహదూర్ షా జఫర్‌ను రంగూన్‌కు పంపేశారు. 1862 నవంబరు 7న ఆయన మరణిస్తే ఆనవాలు మిగలకుండా ఖననం చేశారు. 1991లో తవ్వకాల్లో ఆ సమాధి బయటపడింది. ఇప్పుడది దర్గా, జియారత్‌కు జనం వస్తుంటారు.