లక్క కాదు.. చెట్టు పాలు!
శతాబ్దాలు చెక్కుచెదరని జపాన్ నగిషీ పెట్టెలు

లండన్‌లో 1970లో ఒక ఫ్రెంచి ఇంజినీరు పాత పెట్టెను వంద పౌండ్లకు కొన్నాడు. కొన్నాళ్లు దానిపై టీవీ పెట్టుకున్నాడు. స్వదేశానికి చేరాక అందులో మద్యం సీసాలు సర్దుకున్నాడు. అదే పెట్టెను 2013లో ఫ్రాన్స్‌లో జరిగిన వేలంలో ఆమ్‌స్టర్‌డాంకు చెందిన రైక్స్ మ్యూజియం 73 లక్షల యూరోలకు దక్కించుకుంది. 1640 ప్రాంతంలో జపాన్‌లో తయారై, ఒకప్పుడు ఫ్రాన్స్ పాలనా వ్యవహారాలు నడిపిన కార్డినల్ మజారిన్ కుటుంబానికి చేరిన పెట్టె అది. దాని జాడ కోసం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దశాబ్దాలపాటు వెతికింది.

అంతటి విలువ కేవలం పాతదనం వల్ల వచ్చింది కాదు.

ఉరుషి అంటే..
ఇంగ్లిషులోని 'ల్యాకర్' అనే మాటకు మూలం సంస్కృత 'లాక్ష'. అందుకే వీటిని లక్కసామాను అనేస్తుంటారు. ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే లక్క పురుగుల నుంచి వస్తుంది. వేడికి కరుగుతుంది. జపాన్ వారి 'ఉరుషి' మాత్రం చెట్టు పాలు. ఆ చెట్టు జీడిమామిడి కుటుంబానిదే. పచ్చి జీడిగింజ రసం తగిలితే ఒళ్లు పొక్కినట్లే, పచ్చి ఉరుషి తగిలినా దద్దుర్లు లేస్తాయి.

పది, పదిహేనేళ్లు పెంచిన చెట్టుకు గాట్లు పెడితే ఆ ఏడాది మొత్తానికి లభించేది సుమారు 200 గ్రాములే. ఆపై చెట్టును నరికివేస్తారు. విచిత్రమేమంటే ఈ పూత ఎండలో ఆరదు. తేమ నిండిన బీరువాలో ఉంచితేనే పాలలోని ఎంజైము పనిచేసి గట్టిపడుతుంది. పలుచగా పూయడం, గట్టిపడ్డాక బొగ్గుతో నునుపు చేయడం, మళ్లీ పూయడం.. ఇలా పదుల సార్లు. ఒక్క పెట్టెకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. తడి పూతపై సన్నని గొట్టంతో బంగారు పొడి చల్లి బొమ్మలు తీర్చడమే 'మాకి-ఎ'.

ఇక దాని దృఢత్వం చూడండి. 1873 నాటి వియన్నా ప్రదర్శన నుంచి వస్తువులతో తిరిగివస్తున్న 'నీల్' ఓడ 1874లో జపాన్ తీరం వద్ద మునిగింది. ఏడాదికి పైగా ఉప్పునీటిలో ఉన్న ఉరుషి సామగ్రిని వెలికితీస్తే పెద్దగా దెబ్బతినలేదు.

రాణుల నుంచి నవాబుల దాకా
ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్‌కు 1780లో తల్లి నుంచి ఇలాంటి చిన్న పెట్టెలు సుమారు యాభై సంక్రమించాయి. సేకర్తలు ఎక్కువగా ఇష్టపడేవి 'ఇన్రో'లు. కిమోనోకు జేబులు లేనందున ముద్రలు, మందులు పెట్టుకుని నడికట్టుకు వేలాడదీసుకున్న అరల డబ్బీలివి. 1868 తర్వాత పాశ్చాత్య దుస్తుల వాడకం పెరగడంతో అవి విదేశీయుల చేతుల్లోకి వెళ్లాయి. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం జపాన్ విభాగంలోనూ ల్యాకర్ వస్తువులు ఉన్నాయి.

కొనేవారు మోసపోకుండా..
అడుగున ప్రముఖ కళాకారుడి సంతకం ఉంటే అసలుదని నమ్మరాదు. పేరున్నవారి సంతకాలను ఇతరులు వేయడం ఆనాడే ఉంది. భూతద్దంలో చూస్తే మాకి-ఎ బంగారం రేణువులుగా కనిపిస్తుంది. పెయింటు పొరలా ఉంటుంది. ప్లాస్టిక్‌పై రసాయన రంగు పూసిన కొత్త వస్తువులూ పాతవిగా చలామణి అవుతుంటాయి. స్పిరిటు రుద్ది పరీక్షించడం మాత్రం తగదు.

నీటికి, ఆమ్లాలకు లొంగని ఉరుషికి వెలుతురే శత్రువు. ఎండ తగిలితే మెరుపు పోయి, సన్నని బీటలు పడి తర్వాత పొరలు లేస్తాయి. గాలి మరీ పొడిగా ఉంటే లోపలి చెక్క కుంచించుకుపోతుంది. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మెరుగు కోసం వార్నిష్ పూశారో, విలువ పోయినట్లే. లండన్ మ్యూజియంలో ఉన్న మరో మజారిన్ పెట్టెపై గతంలో పూసిన వార్నిష్‌ను తొలగించేందుకు నిపుణులు ఏళ్ల తరబడి శ్రమించాల్సి వచ్చింది.

మరమ్మతు ఎరిగిన చేతులు తక్కువ. ఈ పనికి పేరెన్నికగన్న వజిమా పట్టణం 2024 జనవరి 1న సంభవించిన భూకంపంలో తీవ్రంగా దెబ్బతింది. ఎన్నో కార్ఖానాలు కూలిపోయాయి, కొన్ని కాలిపోయాయి.