పొగమంచులో పసుపు దీపం

మార్గశిర, పుష్య మాసాల్లో గోదావరి డెల్టాను కమ్ముకునే పొగమంచు ఆ నేల స్వభావం నుంచే పుడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఉభయ గోదావరి జిల్లాల కాలువలు, బోదెలు, పల్లపు చేలు ఏడాదిలో అధిక భాగం తడిగానే ఉంటున్నాయి. సార్వా కోతలు ముగిసి దాళ్వా నాట్లకు నీరు పెట్టే రోజుల్లో, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రాత్రుల్లో, నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. దానిని అంటి ఉన్న తేమగాలి చల్లబడి, అందులోని నీటిఆవిరి సన్నని బిందువులుగా మారి నేలకు దగ్గరగా తేలుతూ ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని వికిరణ పొగమంచు అంటారు. చూపు ఆనే దూరం 1000 మీటర్ల కన్నా తగ్గినప్పుడు పొగమంచు ఏర్పడినట్టు లెక్కించే భారత వాతావరణ శాఖ, అది 200 మీటర్లకు మించనప్పుడు దట్టమైనదిగా, 50 మీటర్లకు మించనప్పుడు అతి దట్టమైనదిగా వర్గీకరిస్తుంది.

గోదావరి పాయలైన వశిష్ఠను సిద్ధాంతం అనే ఊరి దగ్గర, గౌతమిని జొన్నాడ దగ్గర దాటే 16వ నంబరు జాతీయ రహదారి విశాలమైనదే గాని, లోపలి ఊళ్లను కలిపే దారుల్లో అనేకం కాలువ గట్ల మీదుగా, ఏటిగట్ల మీదుగా సాగుతాయి. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లపు చేను ఉన్న అటువంటి దారిలో రోడ్డు అంచు కనబడకపోవడం ప్రాణాపాయం. కారు ఫాగ్ లైట్లను పసుపు రంగుకు మార్చుకోవాలన్న ఆలోచనకు ఇటువంటి చోట బలమైన కారణమే ఉంది. అయితే ఆ మార్పు వల్ల కలిగే మేలు ఏమిటో, ఏది కాదో తెలియాలంటే దీపం చరిత్రనూ, కాంతి నడవడినీ, కంటి నిర్మాణాన్నీ కలిపి చూడాలి.

తొలినాటి కార్లకు కార్బైడు మీద నీటిచుక్కలు పడగా పుట్టే ఎసిటిలీన్ వాయువుతో వెలిగే దీపాలు ఉండేవి. 1909లో ఇంగ్లీష్ ఛానెల్‌ను విమానంలో దాటిన ఫ్రెంచి ఇంజనీరు లూయీ బ్లేరియో అటువంటి దీపాల తయారీతోనే సంపన్నుడయ్యాడు. తరువాత విద్యుద్దీపాలు వచ్చి, కాంతి తీవ్రత పెరిగేకొద్దీ ఎదుటివారి కళ్లు బైర్లు కమ్మడం పెద్ద సమస్య అయింది. దానికి ఒక జవాబుగా, దూరపు వెలుగుకు ఒకటి, దించిన వెలుగుకు ఒకటి చొప్పున రెండు ఫిలమెంట్లున్న బల్బు 1925 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. మరొక జవాబును ఫ్రాన్స్ రంగులో వెతికింది. వాహనాల ముందు దీపాలు పసుపు కాంతినే ఇవ్వాలని 1936లో నిర్ణయించిన ఆ దేశం, తరువాతి సంవత్సరాల్లో దానిని అమలులోకి తెచ్చి, ఐరోపా నిబంధనల ఏకీకరణలో భాగంగా 1993లో తెల్లదీపాలను అనుమతించే వరకు కొనసాగించింది.

ఫ్రాన్స్ ఎంచుకున్నది వర్ణపటంలోని ఒకే ఒక్క పసుపు గీత కాదు. మామూలు బల్బు వెలువరించే కాంతి నుంచి ఊదా, నీలం భాగాలను కాడ్మియం కలిపిన గాజు వంటి వడపోతతో తొలగించి, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ భాగాలను మిగిల్చితే వచ్చే వెలుగు అది. ఫిలమెంటు బల్బు కాంతిలో నీలం పాలు స్వతహాగానే తక్కువ కనుక, ఈ వడపోత వల్ల పోయే వెలుగు సుమారు 12 నుంచి 15 శాతం మాత్రమే.

పసుపు కాంతి పొగమంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం లోకంలో స్థిరపడి ఉంది. దాని మూలం లార్డ్ రేలీ 1871లో ప్రతిపాదించిన కాంతి పరిక్షేపణ సూత్రాన్ని తగని చోట అన్వయించడంలో ఉంది. పరిక్షేపణం అంటే కాంతి తన దారిలోని కణాలకు తగిలి నలుదిక్కులా చెదరడం. కణం కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చాలా చిన్నదైనప్పుడు, చెదిరే కాంతి తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఆకాశం నీలంగా కనబడడానికి కారణం ఇదే. కాని కంటికి కనబడే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రోమీటర్ల వరకు ఉండగా, పొగమంచు బిందువుల వ్యాసం సాధారణంగా అనేక మైక్రోమీటర్లు ఉంటుంది. అంత పెద్ద బిందువులకు వర్తించేది గుస్టావ్ మీ 1908లో ప్రకటించిన సిద్ధాంతం. దాని ప్రకారం అవి అన్ని రంగులనూ దాదాపు సమానంగానే చెదరగొడతాయి. పొగమంచు తెల్లగా కనబడడమే ఇందుకు సాక్ష్యం. కనుక పసుపు కాంతి తెల్లకాంతి కన్నా చెప్పుకోదగినంత దూరం మంచులోకి చొచ్చుకుపోదు.

మేలు ఉన్న చోటు కన్ను. నీలికాంతి కంటిలో మిగతా రంగుల కన్నా ముందుగా, రెటీనాకు ఇవతలే కేంద్రీకృతమవుతుంది. వర్ణ విపథనం అనే ఈ లక్షణం వల్ల నీలం పాలు ఎక్కువైన వెలుగులో వస్తువుల అంచులు కొంత మసకబారతాయి. సూక్ష్మమైన వివరాలను గుర్తుపట్టే రెటీనా మధ్యబిందువులో నీలాన్ని గ్రహించే కణాలు దాదాపు లేవు. అంటే నీలికాంతి స్పష్టతకు చేసే సాయం స్వల్పం. కంటికి కలిగించే చికాకు మాత్రం, సమాన తీవ్రత గల పసుపు కాంతితో పోలిస్తే, ఎక్కువ. మంచుబిందువుల నుంచి వెనక్కి తిరిగివచ్చే వెలుగు నడిపేవారి ముందు తెల్లటి తెరగా నిలిచినప్పుడు, ఆ తెరలోంచి నీలాన్ని తీసివేస్తే చూపు హాయి పడుతుంది, గంటల తరబడి నడిపేవారి అలసట తగ్గుతుంది. పసుపు దీపం గురించి నమ్మదగిన మాట ఇదే.

ఆ తెరను పలచబరిచే అసలు పని రంగుది కాదు, దీపం అమరికది. హెడ్‌లైటు వెలుగు నడిపేవారి చూపు సాగే దారికి దగ్గరగానే పోతుంది కనుక, మధ్యలోని ప్రతి బిందువూ దానిని కంటివైపు తిప్పికొడుతుంది. మంచులో బ్రైట్ వేస్తే దారి మరింత మూసుకుపోవడానికి కారణం అదే. ఫాగ్ లైటును బంపరులో కిందికి అమర్చి, దాని వెలుగు పైకి లేవకుండా పైఅంచును సమతలంగా కోసినట్టు చేసి, రెండు పక్కలకూ వెడల్పుగా పరుస్తారు. ఆ వెలుగు చూపు దారికి దిగువన నేలను అంటి సాగి, దగ్గరలోని రోడ్డు అంచునూ, తెల్లగీతనూ, గట్టు మలుపునూ చూపుతుంది. ఐరోపా ప్రమాణాల్లో కార్ల ఫాగ్ లైటు నేల నుంచి 250 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా, 800 మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలన్న నియమం ఈ సూత్రానికి అనుగుణమైనదే.

మరుగున పడిన పసుపు వెలుగు మళ్లీ చర్చకు రావడానికి ఒక కారణం ఎల్‌ఈడీ. ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన నీలి ఎల్‌ఈడీ మీద పసుపు కాంతినిచ్చే ఫాస్ఫర్ పూతను చేర్చి తెల్లకాంతిని సృష్టిస్తారు. అందువల్ల ఆ తెలుపులో 450 నానోమీటర్ల దగ్గర నీలం శిఖరంలా పొడుచుకు ఉంటుంది. కాంతి వర్ణాన్ని కెల్విన్లలో చెప్పే కొలతలో హాలోజన్ బల్బు 3200 దగ్గర ఉండగా, తెల్లని ఎల్‌ఈడీలు 6000 వరకు పోతాయి. ఫ్రాన్స్ తొలగించదలచిన నీలం ఈనాటి కార్లలో మునుపటి కన్నా హెచ్చుగా ఉన్నదన్నమాట.

మార్చుకోదలచినవారికి మూడు దారులున్నాయి. కారు ఫాగ్ లైటులో ఉన్నది హెచ్3, హెచ్8, హెచ్11 వంటి హాలోజన్ బల్బు అయితే, అదే రకంలో, అదే వాటేజీలో పసుపు పూత గల బల్బు వేయడం అన్నిటికన్నా నిరపాయం. ఫిలమెంటు అదే స్థానంలో ఉంటుంది కనుక వెలుగు ఆకారం చెడదు. రెండవది అద్దం మీద పసుపు ఫిల్మ్ అంటించడం. ఇది చవకైనదే గాని, బుడగలు మిగిలినా, ఎండకు జిగురు మసకబారినా, కోసినట్టుండవలసిన పైఅంచు చెదిరి వెలుగు పైకి లేస్తుంది. మూడవది హాలోజన్ కోసం చేసిన పరావర్తకంలో, అంటే వెలుగును మలిచే అద్దపు గిన్నెలో, ఎల్‌ఈడీ బల్బును దూర్చడం. చిప్పులు ఫిలమెంటు ఉండవలసిన చోట కచ్చితంగా కూర్చోకపోతే వెలుగు అన్ని వైపులా చిమ్ముతుంది. కాలువ గట్టు మీద ఎదురొచ్చే మోటారు సైకిలు నడిపేవారికి అది పసుపు రంగులో ఉన్నంత మాత్రాన నిరపాయకరం కాదు. ముందు ఫాగ్ లైటు తెలుపుగా గాని, పసుపుగా గాని ఉండవచ్చునని ప్రమాణాలు అంగీకరిస్తున్నా, తయారీదారు నిర్దేశించిన రూపాన్ని వాహనంలో మార్చడంపై 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను పరిమితులు విధిస్తున్నది. ఏ పద్ధతిలో మార్చినా, చదునైన నేల మీద కారును గోడకు ఎదురుగా నిలిపి, వెలుగు పైఅంచు దీపం ఎత్తును దాటకుండా ఉన్నదో లేదో సరిచూడడం తప్పనిసరి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. నడిపేవారు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే 25 మీటర్లు, గట్టిగా బ్రేకు వేసి ఆపడానికి మరో 28 మీటర్లు గడిచిపోతాయి. చూపు 50 మీటర్లే ఆనుతున్న తెల్లవారుజామున ఆ వేగంలో కారు సమయానికి ఆగదు. అదే 40 కిలోమీటర్ల వేగంలో మొత్తం 30 మీటర్ల లోపే సరిపోతుంది. పసుపు దీపం కంటికి ఊరటనిస్తుంది, సరిగా అమర్చిన దీపం రోడ్డు అంచును చూపిస్తుంది. కనబడిన దూరంలో ఆగగలిగే వేగాన్ని మాత్రం నడిపేవారే ఎంచుకోవాలి. ఆ మూడూ కలిసినప్పుడే డెల్టా దారుల్లో చలికాలపు ప్రయాణం క్షేమకరమవుతుంది.