మీకు తెలుసా? కొండల కంటే ముందు పుట్టిన నది

కెనడా ఉత్తరాన, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో ఉన్న నహానీ జాతీయ పార్కుకు రోడ్డు లేదు. నీళ్లమీద దిగే చిన్న విమానమే ప్రధాన దారి. అక్కడ ప్రవహించే సౌత్ నహానీ నది చుట్టూ ఉన్న కొండల కంటే పాతది. మైదానంలో మెలికలు తిరుగుతూ పారుతున్న కాలంలోనే కింద నేల పైకి లేవడం మొదలైంది. నది దారి మార్చుకోలేదు, రాయిని కోసుకుంటూ పోయింది. అందుకే అంత లోతైన లోయల్లోనూ ఆ పాత మెలికలు అలాగే ఉన్నాయి.

నది దారిలో వర్జీనియా జలపాతం. ఎత్తు 90 మీటర్ల పైనే, నయాగరాకు దాదాపు రెట్టింపు! అయినా చూసినవాళ్లు ఎంతమంది?

పార్కులోనే రాబిట్‌కెటిల్ అనే చోట ఊటనీరు వదిలిన సున్నం పొరలు పొరలుగా పేరుకుని 27 మీటర్ల దిబ్బ అయింది. మెట్లు మెట్లుగా, అంచుల్లో చిన్న చిన్న నీటి మడుగులతో ఉంటుంది. పెళుసుది కాబట్టి గుడిలోకి వెళ్లినట్టు చెప్పులు విప్పే ఎక్కాలి.

ఇక్కడి చోట్ల పేర్లు మాత్రం భయపెడతాయి: శవాల లోయ, తలలేని వాగు. బంగారం వెతుక్కుంటూ వెళ్లిన మెక్‌లియోడ్ అన్నదమ్ముల మొండేలు 1908లో ఇక్కడే దొరికాయి. వాళ్లు ఎలా చనిపోయారో నేటికీ తేలలేదు.

1970లో అప్పటి ప్రధాని పియర్ ట్రూడో ఈ నదిలో పడవ ప్రయాణం చేశారు. రెండేళ్లకే పార్కు ఏర్పాటును ప్రకటించారు. 1978లో యునెస్కో ఎంచుకున్న మొట్టమొదటి 12 ప్రపంచ వారసత్వ ప్రదేశాల్లో ఇదీ ఒకటి.