పంటికి ఆధారము ఎముక: పావగడ సీమలో ఇంప్లాంట్ చికిత్సను గూర్చి

తుమకూరు జిల్లాకు ఉత్తరపు కొసన, మూడు దిక్కుల ఆంధ్రభూమి చుట్టుకొనియుండగా, కచేరీలో కన్నడమును ఇంటిలో తెలుగును మాటలాడుకొనుచు బ్రదుకుచున్న పావగడ తాలూకా ప్రజలకు నీటి విలువను ఎవరును క్రొత్తగా బోధింపనక్కరలేదు. వానలు చాలని ఈ మెట్టసీమలో చెరువులు నిండిన యేండ్లకంటె ఎండిన యేండ్లే హెచ్చు. ఆ కారణమున బోరుబావులు ఏటికేడు లోతునకు దిగినవి. ఆ లోతులలో శిలల సందులను ఒరసికొని వచ్చిన నీరు తనతోపాటు ఫ్లోరైడును పైకి తెచ్చినది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము నిర్ణయించుచున్నది. ఈ తాలూకాలో పెక్కు గ్రామముల బోరునీరు ఆ హద్దును దాటినది. ఆ నీటి ముద్ర మొట్టమొదట కనబడునది పంటిమీదనే.

ఫ్లోరైడువలని ఈ వ్యాధి తెలుగునేలకు క్రొత్తది కాదు. తరువాత ప్రకాశము జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో చేరియున్న కాలమున, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు అచ్చటి ప్రజల పండ్లను, ఎముకలను పీడించుచున్న రోగమునకు నీటిలోని ఫ్లోరైడే కారణమని వెల్లడించిరి. నల్లగొండ మొదలు పావగడ వరకు పెక్కు మెట్టసీమలు నేటికిని ఆ బాధను ఎరిగినవే. చిగురు లోపల పన్ను రూపుకట్టుచున్న బాల్యమున, అనగా సుమారు ఎనిమిదేండ్ల ప్రాయము వరకు, ఇట్టి నీరు త్రాగిన బిడ్డకు పంటి పై పొర గట్టిపడదు. తెల్లని మచ్చలతో మొదలిడి, పసుపు గోధుమ చారలుగా మారి, తీవ్రమైనచోట గుంటలు పడి పెచ్చులూడును.

ఇచ్చట ఒక భ్రమను తొలగించుట అవసరము. చారలు పడిన పన్ను చచ్చిన పన్ను కాదు. దాని వేరు దృఢముగ ఉండవచ్చును, చిగురు ఆరోగ్యముగ ఉండవచ్చును. పెండ్లిచూపుల వేళ నవ్వలేకపోవుచున్నానని బాధపడు యువతికి గాని, ఉద్యోగమునకు వెడలు యువకునికి గాని, ఆ మచ్చను మాన్పుటకు పంటిని పెరికి, ఎముకలో లోహపు మరను నాటు ఇంప్లాంట్ వేయించుకొనుట మార్గము కాదు. పైపొరను సన్నగా మెరుగుపెట్టుట, పంటిరంగు పదార్థముతో పూత వేయుట, పింగాణి రేకు అతికించుట, మిగుల చెడినచో క్యాప్ తొడుగుట వంటి సులభోపాయములు ఎన్నియో కలవు. బ్రదికియున్న వేరును పెరుకుట తుది నిర్ణయము కావలెను గాని తొలి ఆలోచన కారాదు.

మరి పండ్లు నిజముగ రాలిపోవుటకు ముఖ్యకారణములు వేరు: మాన్పక విడువబడిన పిప్పిపన్ను, రక్తము కారుచున్నను లెక్కసేయని చిగుళ్లవ్యాధి, అదుపు తప్పిన చక్కెరవ్యాధి, దినమెల్ల దవడలో నిలుపుకొను ఆకువక్కయు పొగాకును. ఐనను పండ్లు పోయిన లోటు ఇచ్చట వెంటనే బయటపడదు, ఏలన ఈ సీమలో రాగిముద్దను నమలరు. వ్రేళ్లతో త్రుంచి, సారులో ముంచి, నాలుకపై నిలువనీయక మ్రింగుదురు. కావున బోసినోటి వృద్ధుడు సైతము రెండుపూటల ముద్ద తినుచుండుట చూచి, ఇంటివారు ఆయనకు లోటేమియు లేదని తలంతురు. కాని జీవితమంతయు వేరుశనగ పండించిన ఆ రైతు గుప్పెడు చెనిక్కాయలు నమలలేడు. జొన్నరొట్టె, పచ్చికాయ, మాంసము ఆయనకు దూరమగును. ఆహారమున పిండిపదార్థము మిగిలి తక్కిన సత్తువ తగ్గును. పండ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పండ్లు లేవు అను సామెత ఇట్టివారి పట్ల అక్షరసత్యము.

పోయిన పంటికి బదులు పన్ను పెట్టుటకు వైద్యులు మూడు విధానములు చెప్పుదురు. మొదటిది తీసి పెట్టుకొను కట్టుడుపండ్ల సెట్టు. ఖర్చు తక్కువ, కాని క్రింది దవడపై కుదురుగ నిలువక కదలుచుండును. రెండవది బ్రిడ్జి, ఖాళీకి ఇరుప్రక్కల నున్న పండ్లను అరుగదీసి, వానిపై క్యాపులు తొడిగి, నడుమ కృత్రిమదంతమును నిలుపుదురు. స్థిరముగనే యుండును గాని, దానికై మంచి పండ్లు రెండు తమ పైపొరను త్యజింపవలసివచ్చును. మూడవది ఇంప్లాంట్, ప్రక్కపంటి జోలికి పోక, పోయిన వేరు స్థానమున టైటానియమ్ లోహపు మరను ఎముకలోనే నాటి, దానిపై దంతమును బిగించుట.

ఈ చికిత్స ఒక అనుకోని అనుభవమునుండి పుట్టినది. 1952లో స్వీడన్ దేశమందలి లుండ్ నగరమున పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ అను యువశాస్త్రజ్ఞుడు, ఎముకలో రక్తప్రసరణ ఎట్లు జరుగుచున్నదో చూడగోరి, కుందేటి కాలియెముకలో టైటానియమ్ గొట్టమును అమర్చెను. పరిశీలన ముగిసిన పిదప దానిని తీయబోగా అది రాలేదు. ఎముక ఆ లోహమును పరాయిదానిగ నెట్టివేయక, దాని నంటి పెరిగి, తనలో భాగముగ బిగించుకొనియుండెను. పనికి విఘ్నమని విసిగికొనక, ఆ విఘ్నమునందే విశేషమున్నదని గ్రహించుట బ్రానెమార్క్ ప్రతిభ. 1965లో గోటెన్‌బర్గ్ నగరమున, పుట్టుకతోనే దవడలోపము కలిగి సరిగా నమలజాలని గోస్టా లార్సన్ అనునతనికి ఆయన తొలి ఇంప్లాంట్లను అమర్చెను. ఆ మరలు లార్సన్ 2006లో మరణించువరకు, నలువదేండ్లకు పైగా, పనిచేసినవి. ఐనను వైద్యలోకము వెంటనే నమ్మలేదు. 1982లో టొరంటో నగరమున జరిగిన సదస్సు పిదపనే ఈ విధానము ప్రపంచమంతట ఆదరమును పొందినది.

చికిత్సాక్రమమును తెలిసికొన్నచో భయము సగము తీరును. ముందు ఎక్స్‌రే, అవసరమైనచో దవడను మూడు కొలతలలో చూపు సి.బి.సి.టి. స్కాన్ తీసి, ఎముక ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉన్నదో, క్రింది దవడలో నరము, పై దవడకు మీదనున్న గాలిగది ఎంత దూరమున ఉన్నవో కొలుతురు. అటుపిమ్మట మత్తుసూది వేసి, చిగురును విప్పి, ఎముకను క్రమక్రమముగ తొలుచుదురు. ఆ వేళ చల్లని ఉప్పునీటి ధార విడువక పడుచుండుటకు గట్టి కారణము కలదు: ఎముకలో వేడి 47 డిగ్రీలకు చేరి ఒక్క నిముషము నిలిచినను, అచ్చటి ధాతువు దెబ్బతిని, లోహమును పట్టుకొనజాలదు. ఆ రంధ్రమున ఇంచుమించు 10 మిల్లీమీటర్ల నిడివియు 4 మిల్లీమీటర్ల వెడల్పును గల మరను బిగింతురు. ఇక కావలసినది ఓర్పు. సామాన్యముగ క్రింది దవడలో మూడు మాసములు, ఎముక మెత్తనిదగు పై దవడలో ఆరు మాసముల వరకు ఆగినచో, క్రొత్త ఎముక లోహమును అంటి పెరుగును. అటుతరువాత మరపై అబట్‌మెంట్ అను చిన్న దిమ్మెను, దానిపై పంటిరంగు క్యాపును అమర్చుదురు. తగినవారికి ఒక్కనాడే పన్ను పెట్టు పద్ధతియు కలదు గాని, అది అందరికిని చెల్లదు.

ఇందు గ్రహింపవలసిన మూలసూత్రము ఒకటే: మర యెంత మేలిదైనను, వదులు నేలలో పాతిన గుంజ నిలువనట్లు, క్షీణించిన ఎముకలో అది నిలువదు. పన్ను పెరికిన యేడాదిలోనే అచ్చటి ఎముక వెడల్పు దాదాపు సగము తగ్గవచ్చును. అందును హెచ్చుభాగము మొదటి మూడు మాసములలోనే తగ్గును. చూతములే యని పదేండ్లు గడపి వచ్చినవారికి తొలుత ఎముకను పెంచు శస్త్రచికిత్స కావలసివచ్చుట అందువలననే. చక్కెరను అదుపులో నుంచుకొనక, పొగాకును మానక ఇంప్లాంట్ వేయించుకొనువారికి గాయము మానుట కష్టము. ఎముకలు గుల్లబారు వ్యాధికి మందులు వాడువారు, తల మెడలకు క్యాన్సర్ రేడియేషన్ పొందినవారు ఆ సంగతిని వైద్యునికి దాచరాదు. పావగడవంటి సీమవారు చెప్పవలసిన మాట మరియొకటి కలదు: చిరకాలము ఫ్లోరైడునీరు త్రాగినవారి ఎముక బిరుసెక్కినట్లు కనబడినను పెళుసుబారియుండవచ్చును, కావున పుట్టిపెరిగిన ఊరిని, త్రాగిన నీటిని తెలుపుట కూడ పరీక్షలో భాగమే.

సక్రమముగ ఎంచి అమర్చిన ఇంప్లాంట్లలో నూటికి తొంబదికి పైగా పదేండ్ల పిదప కూడ నిలిచియుండుట అధ్యయనములలో తేలిన సత్యము. కాని లోహమునకు పిప్పి పట్టదని శుభ్రతను విడిచినవారు నష్టపోవుదురు. చుట్టునున్న చిగురు చీము పట్టి, ఎముక కరగి, నొప్పియైన లేకయే మర వదులగుట కలదు. దినమునకు రెండుమారులు బ్రష్షుతో తోముట, సందులను చిన్న బ్రష్షుతో శుభ్రపరచుట, ఆరుమాసములకొక పరి వైద్యునికి చూపుట తప్పనిసరి.

ఖర్చు మాట వచ్చినప్పుడే ఈ ప్రాంతపు కష్టము తెలియును. ఒక్క పంటికి పదుల వేల రూపాయలగు చికిత్స, కరవుసీమ రైతుకు ఒక పంట రాబడితో సమానము. తుమకూరులో శ్రీ సిద్ధార్థ దంతవైద్య కళాశాల కలదు, బెంగళూరులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. ఐనను తుమకూరు ఇంచుమించు 100 కిలోమీటర్ల దూరము, బెంగళూరు అంతకు మించిన దూరము, చికిత్సకు పలుమారులు పోవలెను. పేద వృద్ధులకు ఉచితముగ పండ్లసెట్లు ఇచ్చు దంతభాగ్య పథకమును కర్ణాటక ప్రభుత్వము ప్రవేశపెట్టుట ప్రశంసనీయము. దానిని ఇంకొక అడుగు ముందుకు నడుపుటకు శాస్త్రము దారి చూపినది. పండ్లన్నియు పోయినవారికి క్రింది దవడలో రెండే ఇంప్లాంట్లు నాటి, వానిపై తీసిపెట్టుకొను సెట్టును బిగించుట కనీస చికిత్సగ ఎంచవలెనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున సమావేశమైన నిపుణులు అభిప్రాయపడిరి. నోరంతయు ఇంప్లాంట్లు నింపనక్కర లేదు. రెండింటితోనే కదలెడు సెట్టు కుదురుకొనును, ముసలివారు నమలగలరు.

ఇట్టి సెట్టు పావగడ వృద్ధులకు అందుట అసాధ్యము కాదు. ఈ ఊరిలోనే శ్రీరామకృష్ణ సేవాశ్రమమువారు స్వామి జపానందుల ఆధ్వర్యమున వైద్యాలయము నడుపుచు, కుష్ఠరోగులకు, క్షయరోగులకు, చూపు మందగించిన పేదలకు యేండ్ల తరబడి సేవ చేయుచున్నారు. కంటిశుక్లపు శస్త్రచికిత్సను పల్లెవానికి అందించిన పట్టుదల నమలు శక్తిని అందించుటకును చాలును. దంతభాగ్యములో రెండు ఇంప్లాంట్ల సెట్టును చేర్చుట, దంతవైద్య కళాశాలలు తాలూకా ఆసుపత్రిలో నియమితదినములందు చికిత్స జరుపుట, ఈ రెండును ప్రభుత్వము పూనుకొన్నచో జరుగదగిన పనులే.

తుంగభద్ర జలాశయపు నీటిని పావగడ పల్లెలకు చేర్చు పథకము 2025లో ప్రారంభమైనది. ఆ నీరు ప్రతి కొళాయికిని ఎడతెగక అందినచో, నేడు పుట్టిన బిడ్డ చారలు లేని పండ్లతో పెరుగును. అంతవరకు, తల్లిదండ్రులారా, ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు శుద్ధిచేసిన నీటినే త్రాగించుడు. పెద్దలారా, చిగురునుండి రక్తము కనబడిన నాడే వైద్యుని చూడుడు. పన్ను పోయినచో జాగుచేయకుడు. ఇంప్లాంట్ వేయించుకొనుటకు ముందు నా ఎముక చాలునా, నా చక్కెర అదుపులో ఉన్నదా, వేసిన పిదప ఎవరు చూతురు, మొత్తము ఖర్చెంత అని నాలుగు ప్రశ్నలు అడుగుడు. వానికి ఓపికతో సమాధానము చెప్పు వైద్యుని యొద్దనే చికిత్స చేయించుకొనుడు.