కారు కదిలేటప్పుడు వణుకుతోందా? క్లచ్ సెట్ మార్చే ముందు ఫోన్‌తో ఇలా చెక్ చేయండి

ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదులుతుంటే నా సెకండ్ హ్యాండ్ కారు గడగడా వణికేది. గ్యారేజీలో ఒక రౌండ్ తిప్పి చూసి, "క్లచ్ సెట్ పోయింది సార్, 12 వేలవుతుంది" అన్నారు. బగ్ ఎక్కడుందో చూడకుండా కోడంతా తిరగరాయమన్నట్టు అనిపించింది. ముందు నేనే డీబగ్ చేద్దామనుకున్నా.

అసలు జడర్ అంటే ఏంటి?

క్లచ్ ప్లేట్ తిరిగే ఫ్లైవీల్‌ని మెల్లగా, సాఫీగా పట్టుకోవాలి. అలా కాకుండా పట్టు, జారు, మళ్లీ పట్టు అంటూ సెకనుకు చాలాసార్లు జరిగితే కారంతా ఊగుతుంది. అదే జడర్. ప్లేట్ మీద ఆయిల్ పడినా, వేడికి ఫ్లైవీల్ మీద మచ్చలు పడినా ఇలా అవుతుంది. ఇంజిన్ మౌంట్ రబ్బరు చిరిగినా అచ్చం ఇలాగే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే.

1. ఎప్పుడు వణుకుతోంది?

- న్యూట్రల్‌లో ఆగి ఉన్నా వణికితే: ఇంజిన్ లేదా మౌంట్లు చూడాలి.
- స్పీడ్‌లో స్టీరింగ్ ఊగితే: ముందు వీల్ బ్యాలెన్సింగ్.
- ఫస్ట్, రివర్స్‌లో క్లచ్ సగం వదిలినప్పుడే వణికితే: జడర్.
- వాన పడ్డ మర్నాడు పొద్దున రెండు మూడుసార్లు వణికి ఆగిపోతే: తేమ వల్ల. కంగారు వద్దు.

2. ఫోన్ సెన్సర్‌తో కొలవండి

జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఫ్రీ. అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ ఓపెన్ చేసి, ఫోన్‌ని కారు ఫ్లోర్‌కి టేప్‌తో అంటించండి. హోల్డర్‌లో పెడితే హోల్డరే ఊగుతుంది. ఖాళీ గ్రౌండ్‌లో రికార్డ్ చేసి, కారు ఆపాకే స్క్రీన్ చూడండి.

4 సిలిండర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎమ్ దగ్గర సుమారు 27 హెర్ట్జ్‌లో పీక్ చూపిస్తుంది. నా కారు కదిలేటప్పుడు 11 దగ్గర కొత్త పీక్ వచ్చింది. అంటే వణుకు ఇంజిన్ ఫైరింగ్‌ది కాదు, క్లచ్ పట్టుకునే టైమ్‌లో పుడుతోంది.

3. స్లిప్ అవుతోందా?

ఫోర్త్ గేర్‌లో 40 స్పీడ్ నుంచి గట్టిగా యాక్సిలరేటర్ నొక్కండి. స్పీడ్ పెరగకుండా ఆర్‌పీఎమ్ మాత్రమే ఎగిరితే ప్లేట్ అరిగినట్టే. నా దాంట్లో రెండూ కలిసే పెరిగాయి.

4. బానెట్ తెరిచి చూడండి

హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫ్రెండ్‌ని బ్రేక్ గట్టిగా తొక్కి ఉంచమని, ఫస్ట్‌లోనూ రివర్స్‌లోనూ క్లచ్ కొద్దిగా వదలమన్నా. నేను కారు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి చూశా. ఇంజిన్ ముందుకీ వెనక్కీ బాగా ఊగింది. గేర్‌బాక్స్ వైపు మౌంట్ రబ్బరు చీలిపోయింది.

మౌంట్ మార్పించడానికి 2 వేలు కూడా కాలేదు. వణుకు దాదాపు పోయింది. ట్రాఫిక్‌లో క్లచ్ బాగా వేడెక్కితే ఇంకా కాస్త తెలుస్తోంది. హాఫ్ క్లచ్‌లో పాకించే నా అలవాటు ఫలితం కావచ్చు.

మీకు నిజంగానే క్లచ్ మార్చాల్సి వస్తే, ఫ్లైవీల్‌నీ ఆయిల్ సీల్‌నీ కూడా చూపించమనండి. సీల్ లీకవుతుంటే కొత్త ప్లేట్ మీదా ఆయిల్ పడుతుంది, వణుకు మళ్లీ వస్తుంది. ఫోన్ పాడైన పార్ట్ పేరు చెప్పదు. గ్యారేజీలో ఏం అడగాలో మాత్రం చెబుతుంది.