చదివేవాడికి అందితేనే రాత

ఆఫీసులో రాసే రాతను మనం రాతగానే లెక్కపెట్టం. కథలకూ కవితలకూ పోటీలుంటాయి, బహుమతులుంటాయి. నోటీసు బోర్డుకు అంటించే కాగితానికీ, పై అధికారికి పంపే నాలుగు లైన్లకీ, షిఫ్టు మారేటప్పుడు లాగ్ బుక్కులో గీకే ముక్కకీ ఎవరూ శాలువా కప్పరు. కానీ ఒక మనిషి జీతం, పెన్షను, ఒక్కోసారి ప్రాణం కూడా ఈ రాతల మీదే ఆధారపడి ఉంటాయి. బెంగుళూరు పీణ్యలో ఒక కర్మాగారం పర్సనల్ డిపార్టుమెంటులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మన సంఘంలోని పిల్లలు చాలామంది ఇప్పుడు ఆఫీసుల్లోనే ఉన్నారు గనుక, ఈ విషయంలో నాకు తెలిసిన నాలుగు మాటలు మన పత్రిక ద్వారా చెప్పాలనిపించింది.

మాట ఒకటి, అక్షరం ఒకటి

మా కర్మాగారంలో అన్ని ఊళ్ళవాళ్ళూ ఉండేవారు. ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదువు మాత్రం కన్నడంలో. హొసూరు నుంచి వచ్చిన తెలుగువాళ్ళకు తమిళ అక్షరాలు వచ్చు. హిందూపురం, మదనపల్లె వాళ్ళకు మన అక్షరాలు వచ్చు. ఈ పత్రిక చదివే కుటుంబాలకు ఇది వింత కాదు. షోలాపురంలో మరాఠీ, బరంపురంలో ఒడియా అనుకుంటే అదే కథ. నోట తెలుగు, చేతిలో పలక వేరొకటి.

ఫ్యాక్టరీల చట్టం 1948లో 108వ సెక్షను ఈ సంగతి కొంత ఆలోచించింది. చట్టం ప్రకారం పెట్టాల్సిన నోటీసులు ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలనీ, ముఖద్వారం దగ్గర అందరికీ కనబడేచోట శుభ్రంగా, చదవడానికి వీలుగా ఉంచాలనీ అందులో ఉండేది. నా ఉద్దేశంలో ఆఫీసు రాతకు ఇంతకన్నా మంచి పాఠం లేదు. ఏ భాష? ఎక్కడ? కళ్ళకు ఆనుతుందా? ఈ మూడు ప్రశ్నలూ చదివేవాడి వైపు నుంచి అడిగినవే. కాకపోతే మిగతా సర్క్యులర్లన్నీ హెడ్డాఫీసు ఇంగ్లీషులోనే వచ్చేవి, అలాగే బోర్డెక్కేవి.

ఒక కాగితం కథ

నేను ఆ డిపార్టుమెంటులో చేరిన కొత్తలో లేతు మిషను మీద పనిచేసే ఒకతను రోడ్డు ప్రమాదంలో పోయాడు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే అన్న పెంచాడట. ఉద్యోగంలో చేరినరోజు ప్రావిడెంటు ఫండు కాగితంలో ఆ అన్న పేరే రాశాడు. తర్వాత పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. కాగితం మాత్రం అలాగే ఉండిపోయింది.

ప్రావిడెంటు ఫండు నిబంధనల ప్రకారం, కుటుంబం లేనప్పుడు బయటివారి పేరుతో చేసిన నామినేషను పెళ్ళయి కుటుంబం ఏర్పడగానే చెల్లకుండా పోతుంది. డబ్బు భార్యాబిడ్డలకే చెందుతుంది. కానీ చెందడం వేరు, చేతికందడం వేరు. పెళ్ళి రుజువు, పిల్లల పుట్టిన తేదీల రుజువు, తాలూకా ఆఫీసు సర్టిఫికెట్లు అంటూ ఆ అమ్మాయి చంకలో పసిబిడ్డతో నెలల తరబడి తిరిగింది. ఆ అన్న మంచివాడు గనుక తనే వెంట తిరిగాడు. ఆయన అలాంటివాడు కాకపోతే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

విచిత్రం ఏమిటంటే, పెళ్ళయినవాళ్ళు నామినేషను మార్చుకోవాలని అంతకు రెండేళ్ళ ముందే సర్క్యులరు వచ్చింది. ఫైల్లో చూశాను. మొదటి పేరా అంతా ఏ ఉత్తరువును అనుసరించి, ఏ తేదీ లేఖకు కొనసాగింపుగా అన్నది. రెండో పేరాలో సెక్షన్లూ, క్లాజులూ. చెయ్యాల్సిన పని మూడో పేరా చివర, ఒక వాక్యంలో సగం. ఆ కాగితంలో తప్పు ఒక్కటీ లేదు. పంపినవాడు తన బాధ్యత తీరిందనుకోవడానికి అది సరిపోయింది. లేతు మిషను దగ్గరున్న మనిషికి మాత్రం అది తన గురించి అని తెలియలేదు.

మళ్ళీ రాసినప్పుడు

ఆ తర్వాత కొత్త నోటీసు రాసే పని నాకొచ్చింది. రాసేముందు క్యాంటీనులో కూర్చుని పదిమందిని అడిగాను. “నామనిర్దేశ పత్రం” అంటే ఏమిటని అడిగితే ఎలక్షన్లా అన్నాడొకాయన. “పి.ఎఫ్. కాగితం అనండి సార్, అందరికీ తెలుస్తుంది” అన్నాడు మా ఫోర్‌మన్. ముళబాగిలు అబ్బాయి, “మాట్లాడేది తెలుగే సార్, చదివేది కన్నడమే” అన్నాడు. అందువల్ల కన్నడం, తెలుగు, తమిళం మూడింటిలోనూ పెట్టాం. తెలుగులో ఇలా ఉంది:

“మీకు పెళ్ళయిందా? పిల్లలు పుట్టారా? అయితే మీ పి.ఎఫ్. కాగితంలో వాళ్ళ పేర్లు రాయించండి. అలా ఉంటేనే మీ తర్వాత మీ డబ్బు వాళ్ళకు ఆలస్యం లేకుండా అందుతుంది. ఈ శుక్రవారంలోగా, భోజనం బెల్లు కొట్టాక, క్యాంటీను పక్క గదికి రండి. పెళ్ళి తేదీ, పిల్లల పుట్టిన తేదీలు రాసి తెచ్చుకోండి. ఫారం మేం నింపుతాం. చదివి సంతకం మీరు చెయ్యండి.”

గేటు దగ్గర ఒకటి, సైకిల్ స్టాండులో ఒకటి, క్యాంటీనులో చేతులు కడుక్కునే చోట ఒకటి అంటించాం. మొదటిరోజే లైను క్యాంటీను దాటి బయటికొచ్చింది. అందులో గొప్ప రాత ఏమీ లేదు. ఇది ఎవరికి, ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా, ఎక్కడ, చెయ్యకపోతే ఏమవుతుంది అన్న అయిదు సంగతులూ చదివేవాడికి కావలసిన వరసలో ఉన్నాయి, అంతే.

పర్లాకిమిడి పాఠం

ఇది కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు చుట్టుపక్కల సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ళ భాష నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకుని, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూడా తయారుచేశారు. తెలుగు పిల్లలకు కూడా వాళ్ళు మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని జీవితమంతా వాదించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పర్లాకిమిడి 1936 నుంచి ఒడిశాలో ఉంది. అంటే ఆ పాఠం మనలాంటి సరిహద్దు ఊళ్ళోనే పుట్టింది. వినేవాడి దగ్గరకు మాట నడిచి వెళ్ళాలి. వాణ్ణి మన మాట దగ్గరకు రమ్మనకూడదు.

అందని రాతకు మూల్యం

1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మీద ఏం జరిగిందో చూడండి. పగటి షిఫ్టువాళ్ళు ఒక పంపుకు సంబంధించిన రక్షణ వాల్వును మరమ్మతుకు తీసి, ఆ చోట తాత్కాలికంగా మూత బిగించారు. ఆ సంగతి రాత్రి షిఫ్టువాళ్ళకు తెలియలేదు. రెండో పంపు ఆగిపోతే వాళ్ళు ఈ పంపును నడిపించారు. గ్యాసు బయటికి చిమ్మి, పేలుళ్ళు జరిగి, 167 మంది చనిపోయారు. పర్మిటు కాగితం రాసే ఉంది. ఎవరి కళ్ళ ముందు ఉండాలో అక్కడ లేదు. ప్రమాదానికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, షిఫ్టు మారేటప్పుడు సమాచారం అందకపోవడం వాటిలో ముఖ్యమైనదని లార్డ్ కల్లెన్ విచారణ తేల్చింది. ఆస్పత్రిలో డ్యూటీ మారే నర్సమ్మకైనా, రైల్వేలో చార్జి అప్పగించే ఉద్యోగికైనా ఇదే వర్తిస్తుంది. “అంతా మామూలే” అని రాయకండి. ఏది ఆగింది, ఏది సగంలో ఉంది, దేన్ని ముట్టుకోకూడదు అన్నది మొదట రాయండి.

మన పిల్లలకు

ఇప్పుడు బోర్డుల స్థానంలో ఈమెయిళ్ళూ, వాట్సాప్ గ్రూపులూ వచ్చాయి. రాయడం సులువయింది. అందడం మాత్రం సులువు కాలేదు. కొన్ని చిన్న జాగ్రత్తలు చెబుతాను.

తేదీని 5/6 అని రాస్తే మనకది జూన్ 5, అమెరికావాళ్ళకు మే 6. నెల పేరు అక్షరాల్లో రాయండి. లక్ష, కోటి అంటే విదేశాల వాళ్ళకు తెలియదు. 10 లక్షలంటే ఒక మిలియన్ అని వాళ్ళ లెక్కలో చెప్పండి. “సాయంత్రానికల్లా” అంటే ఎవరి సాయంత్రం? గంట చెప్పి, ఏ దేశపు టైమో చెప్పండి. “రివర్ట్” అంటే జవాబివ్వమని మనం అనుకుంటాం. బయటివాళ్ళు చాలామందికి దాని అర్థం పూర్వస్థితికి మార్చెయ్యమని. “డూ ది నీడ్‌ఫుల్” అంటే ఎవరూ ఏమీ చెయ్యరు. కావలసిందేమిటో పేరుపెట్టి అడగండి. పదిమందికి ఒకే మెయిలు పెడితే, ఎవరు ఏ పని చెయ్యాలో పేరు పక్కన పని రాయండి. లేకపోతే పదిమందీ పక్కవాడు చేస్తాడనుకుంటారు.

పెద్దవాళ్ళకు రాసేటప్పుడు వినయం ఉండాలి, నిజమే. అయితే నాలుగు పేరాల ఉపోద్ఘాతం వినయం కాదు. వాళ్ళ సమయాన్ని గౌరవించి, అడిగేది మొదటి వాక్యంలో అడగడమే మర్యాద.

ఇంకొక మాట. మీ ఇంట్లో ఉద్యోగస్థులుంటే పి.ఎఫ్. నామినేషనులో ఎవరి పేరుందో ఈ వారమే చూసుకోమనండి. ఇప్పుడు ఈ-నామినేషను ఆన్‌లైనులోనే చేసుకోవచ్చు, క్యాంటీను దగ్గర లైను కట్టనక్కర్లేదు.

ఇక మీరు రాసింది బాగుందో లేదో తేల్చుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. పంపేముందు ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. “సరే, అయితే ఇప్పుడేం చెయ్యమంటావ్?” అని వాళ్ళడిగితే, మీరు చెప్పే జవాబే మీ ఉత్తరానికి మొదటి వాక్యం కావాలి.