మీకు తెలుసా? జీతం లేని పదవి, చేతినిండా అధికారం

అమెరికాలోని టెక్సాస్‌లో స్కూల్ బోర్డు ట్రస్టీగా నిలబడటానికి టీచరో, బడిపిల్లల తల్లిదండ్రులో అయి ఉండక్కర్లేదు. 18 ఏళ్లు నిండిన అమెరికా పౌరులై, ఓటరుగా నమోదై, రాష్ట్రంలో ఏడాదిగా, పోటీచేసే పరిధిలో ఆరు నెలలుగా నివాసముండటం ప్రధాన అర్హతలు. గ్రీన్‌కార్డు చాలదు; డాలస్ శివార్లలో స్థిరపడ్డ మనవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

అసలు మెలిక డబ్బు దగ్గరుంది. కరపత్రాల కోసం సొంత జేబులోంచి ఒక్క డాలరు తీయాలన్నా, ముందు ప్రచార కోశాధికారిని నియమించినట్టు ఫారం దాఖలు చేయాలి. ఆ కోశాధికారి అభ్యర్థే కావచ్చు!

గెలిచాక జీతం ఉండదు. అయినా సూపరింటెండెంట్‌ను ఎంపిక చేసేది, బడ్జెట్‌ను ఆమోదించేది, ఇళ్లమీద పడే బడి పన్ను రేటుకు ఓటేసేది ఈ ట్రస్టీలే.